తలగుడ్డలో సూది

పదకొండేళ్లుగా నా తలగుడ్డ అంచున
ఒక సూది గుచ్చి ఉంటుంది.
బట్టలు కుట్టడానికి కాదు,
నారింజ చెట్ల గొంతు పెగిల్చడానికి.

నాబుల్ ఊరు వాడి పారేసిన నీళ్లివి:
హమ్మాం మెట్లు దిగిన సబ్బు నురగ,
కుస్‌కుస్ గిన్నెల జిడ్డు,
నమాజుకు ముందు కడుక్కున్న పాదాల దుమ్ము.
ఎవరి ఏడుపో కూడా ఉండే ఉంటుంది, లెక్కలోకి రాదు.
మడుగుల్లో తేరి, ఇసుకలో వడిసి
నల్ల పైపుల్లో మా తోటకొస్తాయి.

వస్తూ వస్తూ లోగోడకు పాచి పట్టిస్తాయి.
వేలు పెడితే కప్ప వీపు.
దాని మీద మట్టి, మట్టి మీద సున్నం,
ఆవగింజంత కన్నం మూసుకుపోయి
చెట్టు నోరు తెరుచుకుని చూసేది.
నేను మోకాళ్ల మీద పాకుతూ
వరసకు రెండు వందల చుక్కలు లెక్కపెట్టేదాన్ని.
యాసిడ్ పోశారు, నా వేళ్లు పొట్టు లేచాయి.
క్లోరిన్ కలిపారు, ఆకుల అంచులు మాడాయి.
పాచి మాత్రం అప్పులవాడిలా
వారం తిరక్కుండా గుమ్మంలో నిలబడేది.

మార్చిలో స్ఫాక్స్ నుంచి దొర్సాఫ్ అనే పిల్ల వచ్చింది.
పంపు పక్కన రేకు పెట్టె బిగించి
"గాలి కలుపుతున్నాం" అంది.
గ్లాసు ఎత్తి చూశాను. ఉత్త నీళ్లు.
బుడగంటే పైకి లేవాలి, పగలాలి,
లేకపోతే అదేం బుడగ?
"ఇవి పైకి లేచేంత పెద్దవి కావు, మన్నూబియా ఖాల్తీ."
గదిలో దీపం ఆర్పి
గ్లాసులోంచి లేజరు పోనిచ్చింది.
నీళ్లలో ఒక పచ్చటి దారం సాగింది.
సూదితో బతికినదాన్ని,
దారం కనిపిస్తే నమ్మకుండా ఎలా?

అయినా సగం తోటకే పెట్టించింది.
మిగతా సగం నీకూ నీ సూదికీ, అంది,
తేడా తెలియాలిగా.

ఎండలు తగ్గాక రెండు పైపులు నిలువునా కోశాం.
ఒకదాంట్లో అదే కప్ప వీపు.
రెండోది అద్దంలా ఉందని అబద్ధమాడను.
ఉల్లిపొరకన్నా పలచగా ఏదో ఉంది,
గోరు తగిలితే రాలిపోయింది.
కొయ్యని పైపుకు చెవి ఆనించాను.
ఇన్నేళ్లు నేను మూలుగుతూ చేసిన పని
లోపల చప్పుడు లేకుండా జరిగిపోతోంది.

ఇప్పుడా సగంలో వరసకు పది చుక్కలు చూస్తే చాలు.
నా కూలి సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు.

నిన్న తీరిక దొరికి
మనవడి చొక్కాకు గుండీ కుడదామని కూచున్నాను.
దారం ఎంతకీ ఎక్కదు.
ఎండకు ఎత్తి చూస్తే
బెజ్జం నిండా సున్నం.