రెండు కుండల నడుమ

సిరొంచల కరెంటు పొద్దుగాలే పోయింది.
పెద్ద కుండల చిన్న కుండ,
నడుమ ప్రాణహిత ఇసుక, తడిపి.
లోపట నా ఇన్సులిన్ సీస
కోడి కింద గుడ్డు లెక్క పండుకుంది.

దవాఖాన్ల నర్సమ్మ మరాఠీల అడుగుతది:
"సాఖర్ కితీ?"
నేను తెలుగుల చెప్త.
ఆమె కాగితం మీద రాసిస్తది,
పొద్దుగాల పద్దెనిమిది, మాపటికి పది.

తునికాకు కల్లంల
కట్టకు డెబ్బై ఆకులెంచే చేతులివి.
నిన్న నలభై మూడు కాడ ఆగినయి.
మళ్ల నలభై మూడు. మళ్ల నలభై మూడు.
చెమట సల్లగ దిగింది, ఆకులు ఈదుతున్నయి.

పోచుబాయి నా కొంగుముడి ఇప్పి
ఎండిన ఇప్పపూలు నోట్లె కుక్కింది,
"నమలవే ముసల్దానా, నములు!"

ఇన్నేండ్లు తీపిని పగోడనుకున్న.
పగోణ్ని కొంగుల ముడేసుకొని తిరుగుతున్న.

తెలివికొచ్చినంక మొదలు అడిగింది ఒకటే:
నా కట్టల లెక్క ఎవలు రాసిన్రు?

మాపటికి గోనెపట్ట తీసి
ఇసుకల వేలు పెట్టి చూసిన. ఆరలే.
కడుపు మీద నిన్నటి జాగ ఇడిచిపెట్టి
రెండు వేళ్ల దూరంల
ఇంకో జాగ ఎతుక్కున్న.