కాళ్లు చాపుకునేంత చోటు

నేను గాజు ఊదేవాణ్ని.
గ్రాజ్‌లో, విశ్వవిద్యాలయం నేలమాళిగలో,
ముప్పై ఒక్కేళ్లుగా మంటకీ ఊపిరికీ మధ్య.
రసాయనం నాకు తెలియదు.
గాజు ఎప్పుడు బెల్లంపాకంలా సాగుతుందో,
ఎప్పుడు అలిగి చిట్లుతుందో
అంతవరకే నా చదువు.

నవంబరులో యెర్నేయ్ వచ్చాడు,
సరిహద్దు అవతలి మారిబోర్ కుర్రాడు,
చేతిలో చిటికెడు తెల్లటి పొడి.
"గొట్టంలో పోసి, గాలి లాగేసి, మూతి మూసెయ్యండి."
ఉప్పా? అన్నాను.
ఇళ్లు, అన్నాడు.

ఇళ్లేనట.
లోహపు ముడులు, కర్బనపు దూలాలు,
గోడల కంటే కిటికీలే ఎక్కువ.
ఒక్క చెంచాడు పొడి లోపలి నేలంతా విప్పి పరిస్తే
ఫుట్‌బాల్ మైదానం సరిపోదట.
గదికొకటి చొప్పున
రంగు అణువుని కాపురం పెట్టాడు.
వెలుగు తగిలితే మడత విప్పుకుని ఎర్రబడే జాతి అది.
ముద్దగా ఉన్నప్పుడు కదల్లేదు,
సంతలో జనంలా ఒకదాని భుజమ్మీద ఒకటి.
సిగ్గుపడటానికైనా
కాస్త చోటుండాలి కదా.

దేనికిదంతా అంటే ఏదో చెప్పాడు,
రాసి చెరిపి మళ్లీ రాసుకునే పలక లాంటిదట.
నేను మంట సరిచేసుకుంటున్నాను, సగమే విన్నాను.

మొదటి గొట్టంలో గదులు చిన్నవి.
కంటికి ఆనని అతినీలలోహిత దీపం కింద పెట్టాడు.
గంట. రెండు గంటలు.
తెల్లగా, మొండిగా, పెట్టింది పెట్టినట్టే.
"లోపల ఉంది. లేవలేకపోతోంది,"
అన్నాడు, తనే ఆ గదిలో ఉన్నట్టు మెడ వంచి.
లెండ్‌ప్లాట్జ్ వెనక అతని అద్దెగది చూశాను నేను.
మంచం దించితే తలుపు తెరుచుకోదు.

రెండో గొట్టంలో గదులు పెద్దవి.
పగలంతా దీపాల కింద నలిగిన పొడి.
మూతి కరిగించి, సన్నగా లాగి, తుంచి ఇచ్చాను.
మళ్లీ అదే దీపం, మళ్లీ అదే తెలుపు.
మాట్లాడకుండా దాన్ని సొరుగులో పడేసి
ఆఖరి ట్రాముకి పరుగెత్తాడు.

పొద్దున్నే జుమ్రా కేకేసింది.
నేల తుడుస్తుంది ఆమె.
బోస్నియాలో, యుద్ధానికి ముందు,
ఆరో తరగతికి లెక్కలు చెప్పేదట.
సరిగ్గా పడని సొరుగుని తోయబోయి ఆగిపోయింది.
గొట్టంలో పొడి
దానిమ్మగింజ రంగులో ఉంది.

వెలుగులో కాదు.
చీకట్లో ఎర్రబడింది.

ఇద్దరం కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాం.
ష్లోస్‌బెర్గ్ గుట్ట మీంచి లెక్కపెట్టి పంపే
ఆ పిసినారి ఎండ తాకగానే
దొరికిపోయిన దొంగలా తెల్లబోయింది.
మళ్లీ సొరుగులో పెట్టాం.
మధ్యాహ్నానికి మళ్లీ దానిమ్మ.

యెర్నేయ్ వచ్చి ముందు తల పట్టుకున్నాడు,
తర్వాత కాగితం పట్టుకున్నాడు.
ఒళ్లు విప్పుకున్న అణువుని
గది గోడలే ఆదరించి ఆపుకుంటున్నాయట.
వెలుగొచ్చి లేపితే తప్ప
అది మళ్లీ మడుచుకోదట.
"తలకిందులు, తలకిందులు," అన్నాడు,
స్లొవేనియన్‌లో, జర్మన్‌లో, ఆపై ఇంగ్లీషులో.
జుమ్రా ఒక్క మాటే అంది:
"పిండి మాత్రం? గుడ్డ కప్పితేనే పొంగుతుంది."
అని బకెట్ ఎత్తుకుని మెట్లెక్కింది.

చిన్నగదుల గొట్టం పారేయమన్నాడు.
పారేయలేదు. నా బల్ల మీదే ఉంది.
రాత్రి మంట ఆర్పి కోటు తొడుక్కుంటూ
ఓసారి దానివైపు చూస్తాను.
సొరుగులో పెట్టి చూశాను. కిటికీలో పెట్టి చూశాను.
ఎండకీ తెలుపే, చీకటికీ తెలుపే.
గుండె నిండా గాలి పట్టి ఊదితే
పెరిగేది నా గాజుబుడగే,
ఆ గది కాదు.

శనివారం యెర్నేయ్ ఇల్లు మారుతున్నాడు.
మంచం విప్పాలి, రమ్మన్నాడు.
స్క్రూడ్రైవర్ నన్నే తెచ్చుకోమన్నాడు.