పదకొండు నిమిషాల హాల్టు

కొండమల్లేపల్లి దాటినంక
ఎవరి పిల్లనో ఏడ్చింది.
టికెట్ల మిషను చేతిలనే ఉంది,
ఖాకీ చొక్కా తడిసింది.

దేవరకొండ బస్టాండుల
బాత్రూము తలుపుకు గొళ్లెం లేదు.
పార్శిలు గదిల మిరప బస్తాలు, నలుగురు మొగోళ్లు.
కంట్రోలరు సారు ఏమనలేదు,
గడియారం దిక్కు చూసిండు, అంతే.

జంగయ్యన్న ఏం అడగలే.
బస్సును షెడ్డెనక గోడకానిచ్చి
లోపలి అద్దాన్ని టాపు దిక్కు తిప్పి
బకీటు పట్టుకొని దిగిండు.
కడిగిన టైరునే మల్ల కడుగుతున్నడు.

చివరి సీటు. కిటికీకి నా చున్నీ.
పంపు కిర్రుకిర్రుమంటది,
చుక్క రాదు.
ఫోన్ల బిడ్డ ఫొటో చూసినా రాదు.
ఇగ కండ్లు మూసుకొని
ట్రిప్పు లెక్క చూసుకున్న:
జీరో టికెట్లు ముప్పై ఎనిమిది,
ఫుల్లు పదమూడు, హాఫ్ నాలుగు,
మల్లేపల్లి కాడ ఎక్కిన ముసలాయనకు
రెండు రూపాయల చిల్లర బాకీ...

అప్పుడు దిగినయి పాలు.

సోడాబండి ఈదమ్మ ఇచ్చిన ఐసు ముక్కల నడుమ
సీసా పెట్టి టిఫిను మూసిన.
వంద మిల్లీలు గూడ లేవు.
జంగయ్యన్న చేతులు తుడుసుకుంట ఎక్కి
అద్దం సరిజేసిండు.

ఐదేండ్ల లోపోళ్లకు టికెట్ లేదు.
టిఫినును నా పక్క సీట్ల కూసోబెట్టి
రైట్ రైట్ అన్న.