పద్నాలుగు మిల్లీమీటర్లు

గుణుపురం కాలేజీలో ముప్పై ఏళ్లు
బూజు పట్టినవన్నీ పారబోసినవాణ్ణి నేను.
తీగలు సాగిన రొట్టె, పచ్చబడ్డ గాజు పళ్లేలు,
ఒడియాలో తిట్టి, తెలుగులో కడిగి
కిటికీలో బోర్లించేవాణ్ణి.

ఇప్పుడు లిపికా సాబత్ మేడమ్
"తవిటయ్యా, బూజు జోలికి పోకు" అంటుంది.
జీడితోటలో కుళ్లిన ఆకు కింద దొరికిందట,
దూది మూత కింద ఫ్లాస్కులో
తడిసిన గొర్రెబొచ్చులా ఉబ్బుతోంది.
దానికి పూటపూటా మేత. నాకు నవ్వొచ్చింది.

బూజును వడకట్టి, ఆ నీళ్లలో
వెండి ఉప్పు కలిపి,
నల్ల కాగితం చుట్టి దాచింది.
కరెంటు పోయిన రెండు రాత్రులూ
చేత్తో ఊపుతూ కూర్చున్నాను,
కల్లుకుండ దించేవాడిలా, ఒలక్కుండా.

మూడోనాడు విప్పితే
గంజి రంగు పోయి టీ రంగు.
"ఇది వెండే" అంది.
నాకు తెలిసిన వెండి మా చెల్లి కడియం,
షావుకారు తక్కెడెక్కి తిరిగి రానిది.
ఇది తక్కెడకి తెలీదట,
మా పాత సూక్ష్మదర్శినికీ చిక్కదట.
ఒలికిన చుక్క మాత్రం
బ్యాంకులో వేలిముద్ర వేయించుకున్నట్టు
నా బొటనవేలు నల్లజేసింది. సబ్బుకి పోలేదు.

ఇక పురుగు కావాలి.
వంశధార ఇసకలో సీసాపెంకు దిగి
నాలుగు నెలలుగా మానని మడమ చూపించాను.
దూదిపుల్లతో తుడుస్తూ
నొప్పా అని ఒడియాలో అడిగింది.
"ఊఁ" అన్నాను. అది రెండు భాషల్లోనూ ఒకటే.

మర్నాడు పళ్లెం నిండా నా పురుగే,
పాల మీద మీగడలా.
ఒక పక్క మందులషాపు బిళ్ల,
రెండు నెలలు నేను మింగినది,
దాని అంచుదాకా ఒత్తుకుని మొలిచింది, సిగ్గులేకుండా.
ఉత్త బూజునీళ్లు పోసిన గుంటా అంతే.
టీ రంగు పోసిన గుంట చుట్టూ
గుండ్రంగా
ఏమీ లేదు.
కడిగిన గాజు.
మేడమ్ స్కేలు పెట్టింది. పద్నాలుగు మిల్లీమీటర్లు.
రాసుకుంది. మళ్లీ కొలిచింది.

"అయితే కాలికి రాసుకోనా?"
తల అడ్డంగా ఊపింది.
ముందు ఎలకలు, తర్వాత ఎవరెవరి సంతకాలో, ఏళ్లు.
"వెండికి మంచీచెడ్డా తెలీదు తవిటయ్యా,
నీ చర్మాన్నీ తినొచ్చు."
బరంపురం పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది.

పళ్లెం పారేసే పని ఎప్పటిలా నాదే.
ఆవిరి కుక్కర్లో పెట్టే ముందు
కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను.
నా పుండు మానిన చోటు
లోకంలో అదొక్కటే,
రూపాయి బిళ్లంత కూడా లేదు.

మూత బిగించి, స్టవ్ వెలిగించి,
విజిల్ కోసం ఒంటికాలి మీద నిలబడ్డాను.