ఇత్తడి మెరుపు

పొదలకూరు నుంచి ఫోను, కమీషన్ అంగడాయన:
"మస్తానయ్యా, ఎన్ని బస్తాలు?"
ఆయన ఇచ్చిన బస్తాలు వసారాలో
మడతైనా విప్పలేదు.

ఒక్క రాత్రి గాలి.
తెల్లారి చూస్తే నూట పది చెట్ల కిందా
పండిన కాయా పిందే
ఒకే బురదమడుగులో.
మస్తానయ్య గట్టు మీద నిలబడి
లెక్కపెట్టబోయి
ముప్పై దాకా వచ్చి మానేశాడు.

ఊరగాయ పెడదామంటే
ఊరంతా ఇదే కాయ, ఇదే ఉప్పు.
ఎవరింటికని పంపేది?

అటక మీది సామానంతా దించాను.
అత్త గంగాళం, అమ్మ ఇచ్చిన బిందె,
మూత పోయిన మరచెంబు,
ఎవరిదో పేరు చెక్కిన పళ్లెం.
చిట్లిన నిమ్మకాయ కోసి ఉప్పులో అద్ది
రుద్దాను, రుద్దాను.
వేళ్ల పగుళ్లలోకి పులుపు దిగి మండింది.
మండనీ అనుకున్నా.
స్వర్ణ బడికి పోలేదు.
పక్కన చేరి నోరెత్తకుండా
దీపపుకుందులు తన వైపు లాక్కుంది.

పొద్దు వాలేసరికి
నా పెళ్లినాడు కూడా మెరవనంత మెరిసింది ఇల్లు.
నాకే సిగ్గేసింది.

మస్తానయ్య కాళ్లు కడుక్కుని వచ్చి
బిందెలో ముఖం చూసుకున్నాడు.
"గడ్డం ఇంత పెరిగుండాదా"
అని అరచేయి చాపాడు.
నిమ్మముల్లు విరిగి లోపలుంది.
పిన్నీసుతో తీస్తుంటే చెప్పాడు:
"పడమటి సాలులో ఆరు ఒరిగుండాయి.
వేళ్లు తెగలా.
రేపు సరివి కర్రలు కావాల."

ఫోను మళ్లీ మోగింది.
ఈసారి తనే ఎత్తాడు.
"బస్తాలు వెనక్కి పంపిస్తా అన్నా,
మడత విప్పలా."