దఫేదారు

పొద్దున్నే నేను తలుపు తీసేలోగా
దఫేదారు డ్యూటీలో ఉంటాడు.
పాన్ కొట్టు నుంచి మురిక్కాలవ పలక దాకా
నలభై మూడు అడుగులు, నావి కావు, వాడివి.
కరెంటు స్తంభానికి ఒకటి,
బ్యాంకు గుమాస్తా స్కూటరు వెనక చక్రానికి ఒకటి,
గోడకానించిన కొత్త సైకిలుకి
అనుమానం కొద్దీ రెండు.

పేరు మావయ్య పెట్టాడు.
తాసీల్దారు కచేరీలో ముప్పయ్యేళ్ళు
డవాలీ బిళ్ళ కట్టుకుని నిలబడ్డ మనిషి.
"బిళ్ళొకటే తక్కువ గానీ ఈడికి, దర్జా అంతా ఉందర్రా."
ముద్దుకి దఫా.
రమ్మంటే తెలుగులో వస్తాడు,
పొమ్మంటే మాత్రం ఒడియాలోనే కదుల్తాడు.
'జా' అనాలి. అదీ రెండుసార్లు.

మాది కొమ్ముపని.
పర్లాకిమిడిలో ఈ సందున నాలుగిళ్ళు మిగిలాం.
మా ఆయన గేదె కొమ్ము కాచి, వంచి, కొంగ మెడ తీస్తాడు.
నేను ఆకురాయి పట్టి నునుపు చేస్తాను.
కొమ్ము కాగే వాసనకి కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు,
కుక్కలు కళ్ళు మూసుకుంటాయి.

అలా చేరారు వాడి నేస్తాలు:
హోటలు వెనకనించి కుంటుకుంటూ కళియా,
బడి వంటావిడ వెంట తిరిగే లీలా,
బేకరీ రస్కు.
స్నేహమో, కొమ్ము పొట్టో, నేను అడగలేదు.
ముగ్గురికీ పలక దాకానే సెలవు.
ముందుకాళ్ళు పలక మీద పెట్టొచ్చు,
వెనక్కాళ్ళు కూడా పెడితే యుద్ధం.
రస్కుకి మాత్రం ఒక వెసులుబాటు.
మధ్యాన్నం వాడొచ్చి చట్టిలో నీళ్ళు తాగుతాడు.
తాగినంతసేపూ దఫా
గోడవైపు తిరిగి కూచుంటాడు.
చూస్తే ఊరుకోకూడదు కదా మరి.

మీటరు చూసే బిద్యాధర్ బాబుకి ఆ పాటి దయ కూడా లేదు.
పాన్ కొట్టు దగ్గరే నిలబడి "ఎంతమ్మా?" అని అరుస్తాడు,
నేను గుమ్మంలోంచి అంకెలు అరుస్తాను,
మధ్యలో వీడు.
ఆ బిల్లు మేం ముగ్గురం కలిసి వేసిందే.

ముసురు పట్టిన వారం రస్కు రాలేదు.
మూడోరోజు చట్టిలో నీళ్ళ మీద దుమ్ము తేలింది.
నాలుగోరోజు దఫా పలక మీద నిలబడి
ఒక కాలు అవతల పెట్టి, తీసేసి,
మళ్ళీ పెట్టాడు.
సాయంత్రం పిలిస్తే పలకలేదు.

మహేంద్రతనయ వంతెన మీద కనిపించాడు.
తోక కాళ్ళ మధ్య దూర్చి, అంచు పట్టుకుని,
పాతపట్నం వైపు,
అద్దె బాకీ ఉన్న మనిషి నడిచినట్టు.
ఒక్క స్తంభమూ తడపలేదు. నేను లెక్కపెట్టాను.
అవతలి ఒడ్డున చేపల బుట్టల పక్కనించి
నాలుగు కుక్కలు లేచాయి.
దఫేదారు ఆగాడు.
వానబురదలో వెల్లకిలా పడుకుని
పొట్ట చూపించాడు.

నేను గొడుగు తిరగేసి ఉరికాను.
ఇరవై కిలోల దర్జాని ఆటోలో ఒళ్ళో పెట్టుకొచ్చాను,
చీరంతా బురద.
"ఎక్కడ దొరికాడే?" అన్నాడు మావయ్య.
"ఇక్కడే, పాన్ కొట్టు దగ్గర" అన్నాను.
ఆ పొట్ట సంగతి ఈ రోజుకీ చెప్పలేదు.

పదకొండోనాడు రస్కు తనంతట తనే వచ్చాడు.
మెళ్ళో ఎర్రదారం, దానికో గవ్వ.
ఎవరో వేరే పేరుతో పిలిచి అన్నం పెట్టారన్నమాట.
పలక మీద ముందుకాళ్ళు పెట్టి ఆగాడు.
దఫా వాణ్ణి ఎగాదిగా వాసన చూశాడు,
దారం, గవ్వ, చెవి వెనక, మళ్ళీ దారం,
ముద్ర సరిగా పడని కాయితం చూసినట్టు.
ఆ తర్వాత మొరిగాడు.
ముక్కూ మొహం తెలీనివాడి మీద మొరిగినట్టే,
వీధి వీధంతా వినేటట్టు.
రస్కు కదల్లేదు.

నేను చట్టి కడిగి నీళ్ళు పోసి
కొంగ రెక్క పట్టుకుని కూచున్నాను.
గతుకుతున్న చప్పుడు వినిపించింది.
తలెత్తి చూస్తే,
మా ఇంటి గోడ మీద సున్నం పెచ్చులూడిన చోటు
దఫేదారు చాలాసేపు పరీక్షగా చూస్తున్నాడు.