అరసున్న

"మీరు మనిషేనా?" అంటుంది కంప్యూటరు
రోజుకు నలభై యాభైసార్లు,
ఫీవరాస్పత్రి ఎదురుసందులో, మా జిరాక్సు షాపులో.
అవునంటే నమ్మదు.
రెండు వంకర మాటలు చూపించి
చదివి టైపు కొట్టమంటుంది.

ఒకటి దానికి తెలిసిన మాట.
రెండోది, ఏ బీరువాలోంచో తీసి స్కాను చేసిన పాతపుస్తకంలో
చెమ్మ తగిలినచోట, సిరా అలుక్కున్నచోట
అది తడబడి ఆగిపోయిన మాట.
ఏది ఏదో చెప్పదు.
పరీక్ష పెట్టే పంతులే
పిల్లాడి పలకలోకి తొంగిచూసి జవాబు నేర్చుకున్నట్టు.

ముక్కూమొహం తెలియని ముగ్గురు
ఒకేలా చదివితే చాలు,
ఆ మాట పుస్తకంలోకి వెళ్ళి కూర్చుంటుందట.
స్కానింగు సెంటర్లో పనిచేసే ముజీబ్ చెప్పాడు
ఆధార్ కాపీలు తీయించుకుంటూ,
రెండు రూపాయలు రేపిస్తానంటూ.

అప్పట్నించీ ఆ రెండో మాటల్ని
ఖాతాపుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటున్నాను.
కన్నీరు. నిప్పు. మెల్లగా. ఎర్రబడి.
ఎవరిదో విరహమనుకుని
రెండు నెలలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొట్టాను.
తర్వాత 'వీశెడు' వచ్చింది.
మర్నాడు 'చింతపండు'.
ఆ కన్నీళ్ళు ఉల్లిపాయలవని తేలింది.
అయినా, ఇవన్నీ ఒకే పుస్తకంలోవని
నాకెవరు చెప్పారు?

మొన్న ముసురులో
పింఛను ఫారం పట్టుకుని అండాలమ్మ వచ్చింది.
వెనక లైను, గొడుగుల నీళ్ళన్నీ నా కేబుళ్ళ మీద.
రెండో మాట: కా, దాని పక్కన చిన్న పురుగుబొక్క, చి.
'కాచి' అని కొట్టబోయాను.
నిజానికి ఏం కొట్టినా తలుపు తెరుచుకుంటుంది,
ఇన్నేళ్ళలో ఆ కిటుకు నాకు తెలిసిపోయింది.

"ఆగు బిడ్డా."
తడి బొటనవేలు తెర మీద ఆనించింది.
"గది బొక్క గాదు. అరసున్న.
మా నాయిన కాచిగూడల ప్రెస్సుల అచ్చరాలు పేర్చేటోడు.
సీసం అచ్చు, అంత ఉల్టా ఉంటది.
నేను చదువు నేర్సిందే ఉల్టా.
ఇంటిముంగట కాపలా కాచుడు వేరే,
పొయ్యి మీద పాలు కాఁచుడు వేరే.
ఒక్క అరసున్న తప్పితే
అణా కోసేటోళ్లు కూలిల."

కీబోర్డులో అరసున్న ఎక్కడుందో
నాకు తెలియదు. ఎన్నడైనా అవసరమైతేగా.
షిఫ్టు పట్టి ఒకటి, ఆల్టు పట్టి ఇంకోటి,
లైనులో ఎవరో "అన్నా, జర జల్దీ" అన్నారు.
దొరికింది చివరికి, ఎక్కడో మూల.
కాఁచి.
తలుపు తెరుచుకుంది,
కొట్టకపోయినా తెరుచుకునేదే.

"గింత చదివినందుకు నీకేమిస్తరు?"
"ఏమీ ఇవ్వరు."
"మరి నాకు?"
ముప్పై రూపాయల ఫారానికి ఇరవై చేతిలో పెట్టి
"పది అచ్చరం కూలి" అంది,
కొంగు నెత్తిన కప్పుకుని
వానలోకి దిగిపోయింది.

ఇప్పుడు మా వైపు ఒక ఓటు.
ఇంకా ఇద్దరు కావాలి.
ఏ మెహదీపట్నంలోనో, ఏ ఉప్పల్లోనో
ఎవరో తొందరలో ఉన్నవాళ్ళ ముందుకు
అదే మాట, అదే బొక్కతో వచ్చి ఉంటుంది.
వాళ్ళకు సినిమా టికెట్టో, గ్యాసు బుకింగో కావాలి.
వాళ్ళ పక్కన అండాలమ్మ ఉండదు.

వాళ్ళు 'కాచి' అని కొట్టేస్తే
మేం ఓడిపోతాం.
ఆ పుస్తకంలో ఇక పాలు ఎప్పటికీ కాగవు.
గిన్నె పక్కన ఎవరో
కర్ర పట్టుకుని
కాపలా కాస్తూ ఉంటారు.